ముదిమికి మాటతోడు

వార్ధక్యంలో కూడు, గుడ్డ, మందు అమరితే చాలునన్న అభిప్రాయం లోకంలో బలంగా నాటుకొని ఉంది. మహాభారతంలోని ఆశ్రమవాస పర్వం దీనిని అంగీకరించదు. యుద్ధానంతరం ధృతరాష్ట్రుడు 15 ఏళ్లు ధర్మరాజు పోషణలో గడిపాడు. భోజనానికి గాని, పరిచర్యకు గాని లోటు లేదు. అయినా భీముడు వినబడేలా ఆడిన నిష్ఠురాలకు నొచ్చుకొని, ఆ అంధరాజు తుదకు అడవే మేలనుకొన్నాడు. అక్కడికైనా ఒంటరిగా పోలేదు. గాంధారి, కుంతి, విదురుడు, సంజయుడు వెంట నడిచారు.

2011 జనగణన నాటికే దేశంలో 60 ఏళ్లు పైబడినవారు 10 కోట్లు దాటారు. పిల్లలు నిరాదరిస్తే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి భరణం పొందే హక్కును 2007 నాటి చట్టం వృద్ధులకు కల్పించింది. మెచ్చదగిన చట్టమే. కాని పలకరింపును ఏ ట్రిబ్యునలూ ఇప్పించలేదు.

పూర్వం తెలుగు పల్లెల్లో ఆ పని వీధి అరుగు చేసేది. పొద్దుటి నీరెండలో పెద్దలు అరుగుమీద కూర్చుంటే, దారిన పోయేవారు ఆగి నాలుగు మాటలాడక తప్పేది కాదు. వానల సంగతి, పైరుల సంగతి, పెండ్లి సంబంధాల సంగతి అక్కడే తేలేవి. ఒకనాడు పెద్దాయన కనబడకపోతే పొద్దెక్కేలోగా ఎవరో ఒకరు లోనికి తొంగిచూసేవారు. పాతదంతా బంగారమని కాదు. ఆ అరుగు అన్ని కులాలవారికీ దక్కలేదు, స్త్రీలకు అసలే దక్కలేదు. వారి ముచ్చట్లు నూతి దగ్గర, పెరటి గోడ దగ్గర సాగేవి.

ఇప్పుడు అరుగులు తొలగాయి, నూతులు పూడాయి. అమెరికాలోని కొడుకు రోజూ ఫోనులో కనబడవచ్చు, “నిన్న బయటికి రాలేదేం?” అని అడగగలిగినవాడు మాత్రం పొరుగువాడే. కొడుకు దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రుల స్థితీ అంత సుఖం కాదు. కారు నడపనిదే గడప దాటలేని ఊళ్లలో వారు సాయంకాలం కోసం ఎదురుచూస్తారు. ఒంటరితనం ప్రపంచంలో ఏటా 8,71,000 మరణాలతో ముడివడి ఉందని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం అంచనా వేసింది. ఆ లెక్క అన్ని వయసులవారిదీ. యువకులకూ మినహాయింపు లేదు.

అరుగులను మళ్లీ కట్టించలేకపోవచ్చు. శాఖా గ్రంథాలయంలోనో, పంచాయతీ ఆవరణలోని చెట్టు నీడనో నాలుగు బల్లలు వేయడానికి పెద్ద నిధులు అక్కరలేదు. అక్కడికి పత్రిక చదివి వినిపించడానికి ఒక విద్యార్థి వస్తే, ఊరి చెరువు చరిత్ర చెప్పే పెద్దవారు దొరుకుతారు. దానితోపాటు ఇంటి మెట్ల పక్కన చేతికి ఆసరాగా ఒక కమ్మీ కూడా కావాలి. వృద్ధులు ఇల్లు కదలకపోతే విముఖతగా భావిస్తారు గాని, పలువురి విషయంలో కారణం మోకాళ్లే.