లస్కరు లాంటి ఆటగాడు

కాలవ కింద అరెకరం చేనున్న మనిషికైనా లస్కరంటే ఎవరో చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్లు వదిలితే చాలదు కదండీ. తూము తలుపు ఎంత ఎత్తాలి, ఏ బోదెకి ముందు పారించాలి, ఏ శివారు చేనుకి ఇంకా తడి అందలేదు... ఇవన్నీ గట్టు మీద తిరుగుతూ చూసుకునే మనిషి. పంట పండితే రైతుకి పేరు. ఎండితే మాత్రం తిట్లన్నీ లస్కరుకే!

ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్ చేసేది ఈ లస్కరు పనే అంటాన్నేను. వెనకనుంచి వచ్చిన బంతిని అందుకోవాలి, ఎవరు ఖాళీగా ఉన్నారో చూడాలి, సమయానికి వదలాలి. గోలు కొట్టినవాణ్ణి భుజాలకెత్తుకుంటారు. బంతి అందించినవాడు చెమట తుడుచుకుంటూ వెనక్కి పరిగెత్తుతాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న రాజమండ్రిలో మా వీధి చివర టీకొట్టు దగ్గర కుర్రాళ్లు ఒకటే వాదన. గ్వార్డియోలా గొప్పా, జాబీ అలోన్సో గొప్పా అని. ఇద్దరూ స్పెయిన్ మిడ్‌ఫీల్డర్లే, ఇద్దరూ కోచ్‌లయినవాళ్లే. అలోన్సో శిక్షణలో లెవర్‌కుసెన్ జట్టు 2023-24 జర్మనీ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ గెలిచిందని ఒకడు వేళ్లు విరిచి మరీ లెక్క చెప్పాడు. ఆటంతా నడిబొడ్డున నిలబడి చూసినవాడికి కోచ్ పని తేలికవుతుందేమో, అది వేరే సంగతి. "మనవాళ్లలో అలాంటోడు ఒక్కడూ లేడు కదండీ మాస్టారూ" అన్నాడు ఇంకొకడు.

"హబీబ్ పేరు విన్నావా?" అన్నాను.

"సెలూన్లాయనాండీ?"

వాణ్ణి అని ఏం లాభం! మన డెల్టాలో కబడ్డీ ఉంది, వాలీబాల్ ఉంది, తర్వాత క్రికెట్ వచ్చి అన్నిటినీ మింగేసింది. ఫుట్‌బాల్‌ని మనం ఎప్పుడూ హైదరాబాద్ వాళ్ల ఆటగానే చూశాం. 'ఆంధ్రప్రదేశ్' అని మన పేరు పెట్టుకుని ఆడినప్పుడు కూడా.

మహమ్మద్ హబీబ్ 1949 జులై 17న హైదరాబాద్‌లో పుట్టాడు. అప్పటి హైదరాబాద్ అంటే ఫుట్‌బాల్‌కి పుట్టిల్లు. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సిటీ పోలీస్ జట్టుని తీర్చిదిద్దితే, ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు ఎగరేసుకొచ్చింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1963 జూన్‌లో రహీమ్ సాబ్ పోయారు. హబీబ్‌కి అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు.

1965-66లో సంతోష్ ట్రోఫీ ఫైనల్‌లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ని ఓడించింది. ఆ గెలిచిన జట్టులో ఈ పొట్టి కుర్రాడు ఉన్నాడు. తర్వాత తెలుగునేలకి ఆ ట్రోఫీ మళ్లీ రాలేదు. ఓడిన బెంగాల్ వాళ్లు ఊరుకున్నారా? కుర్రాణ్ణి 1966లోనే కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకి తీసుకుపోయారు! 1969లో బెంగాల్ సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు ఆ జట్టు తరఫున 11 గోల్స్ హబీబ్‌వే. అంటే గోలు కొట్టడం రాక నడిమైదానంలో తిరగలేదన్నమాట. ముందుకెళ్లి కొట్టేవాడు, వెనక్కొచ్చి బంతి లాక్కునేవాడు.

ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్... కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకీ ఆడాడు. అక్కడివాళ్లు 'బడే మియా' అని పిలుచుకున్నారు. తమ్ముడు అక్బర్ కూడా వెంటే వెళ్లాడు. 1976లో మోహన్ బగాన్‌కి ఆడుతూ ఈస్ట్ బెంగాల్ మీద 17 సెకన్లలో అక్బర్ కొట్టిన గోలు గురించి కలకత్తాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గోలుకి పట్టిన సెకన్లు లెక్క ఉన్నాయి గానీ, అన్నగారు ఆ మైదానాల్లో పరిగెత్తిన మైళ్లు ఎవరు లెక్కపెట్టారండీ?

ఆ రోజుల్లో పేరున్న ఆటగాడు బ్యాంకులోనో రైల్వేలోనో ఉద్యోగం చూసుకుని, సాయంత్రాలు ఆడేవాడు. మన ఇళ్లలో అయితే అలా చేయకపోతే పెళ్లి సంబంధం కూడా రాదు. హబీబ్ మాత్రం కొలువు వద్దని ఆటనే జీవనాధారం చేసుకున్నాడు. దేశంలో మొదటి అసలైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని ఆయన్ని అనడం అందుకే.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ని ఓడించి కాంస్యం గెలిచిన భారత జట్టులో ఉన్నాడు. ఆ జట్టు కెప్టెన్ నయీముద్దీన్‌ది కూడా హైదరాబాదే. ఇక 1977 సెప్టెంబర్ 24. ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడే న్యూయార్క్ కాస్మోస్ ఒకవైపు, మోహన్ బగాన్ ఒకవైపు. జనమంతా పెలేని చూడ్డానికి వచ్చినవాళ్లే. మ్యాచ్ 2-2తో ముగిసింది. మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి శ్యామ్ థాపాది, రెండోది మన హబీబ్‌ది.

1980లో అర్జున అవార్డు వచ్చింది. ఆట మానేశాక కోచ్ అయ్యాడు. ఇక్కడే నాకు మనసు చివుక్కుమంటుంది. నయీముద్దీన్ పెద్ద జట్లకి కోచ్‌గా చేసి 1990లో ద్రోణాచార్య అందుకున్నారు. హబీబ్ దారి వేరు. జంషెడ్‌పూర్‌లో 1987లో మొదలైన టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకి నేర్పాడు. తర్వాత బెంగాల్‌లోని హల్దియా అకాడమీలో నేర్పాడు. క్లబ్బు కోచ్‌కి గెలిస్తే కప్పు దక్కుతుంది, ఓడితే ఉద్వాసన. పిల్లలకి నేర్పేవాడికి రెండూ లేవు. పన్నెండేళ్లవాడికి ఇవాళ చెప్పిన పాఠం పదేళ్ల తర్వాత ఏ మైదానంలోనో ఫలిస్తుంది. అప్పుడు పేపర్లో వాడి ఫోటో వేస్తారు. ఆడినన్నాళ్లూ చేసిన లస్కరు పనే మళ్లీ!

నీళ్లన్నీ జంషెడ్‌పూర్‌కీ హల్దియాకీ పారాయి. మనం శివారు భూముల్లా ఉండిపోయాం. పారించడం ఆయన చేతకాక కాదు, మనం బోదె తవ్వుకోక. 2022లో హైదరాబాద్ పేరుతో ఆడిన క్లబ్బు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. దానికి కోచ్ ఎవరనుకున్నారు? మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ ఆయన.

హబీబ్ చివరికి హైదరాబాద్‌కే వచ్చేశాడు. చివరి రోజుల్లో మతిమరుపు జబ్బు ఆయన్ని బాగా పీడించింది. 2023 ఆగస్టు 15న, దేశమంతా జెండా ఎగరేసుకుంటున్న రోజున కన్నుమూశాడు.

ఇదంతా చెప్పేసరికి టీ చల్లారిపోయింది. కుర్రాడు ఫోన్ తీసి ఏదో కొట్టాడు. తెరమీద ముందు పెలే బొమ్మ వచ్చింది.

"ఇంకాస్త కిందకి జరుపు నాయనా" అన్నాను.