కర్మాగారముల జిప్సము - రైతుల కర్తవ్యము

కర్మాగారములలో మిగిలిన జిప్సమును పొలమున చల్లవచ్చునా యని మన సభ్యులు కొందరు అడుగుచున్నారు. అది విషమని కొందరును, చవుకగా దొరకినది యేదైనను మేలేయని కొందరును వాదించుచున్నారు. ఈ రెండు వాదములును మాకు సమ్మతములు కావు.

ఈ జిప్సము ఎట్లు పుట్టునో మొదట తెలిసికొనవలయును. భాస్వరపు టెరువులు చేయుటకై రాతిభాస్వరమును గంధకికామ్లముతో కలుపుదురు. భాస్వరికామ్లమును వడగట్టగా బురదవలె మిగులునది జిప్సము. ఒక టన్ను భాస్వరికామ్లమునకు సుమారు 5 టన్నుల జిప్సము వచ్చును. విశాఖపట్టణమున 1967లో వెలసిన కోరమాండల్ వారి కర్మాగారము ఇట్టిదే.

మరియొక విధము గలదు. పిడుగురాళ్ల సున్నమును ఎరుగని పల్నాటి రైతు లేడు. గంధకికామ్లము కలిసిన మురుగునీటిలో సున్నము వేసినయెడల ఆమ్లము విరిగి జిప్సము అడుగున చేరును. అయితే ఆ నీటిలో సీసము, కాడ్మియము వంటి లోహము లున్నచో అవియు ఆ బురదలోనే చేరును. అట్టి బురద పొలమునకు తగదు. 2016 నాటి ప్రభుత్వ నిబంధనలు అనేక కర్మాగారముల శుద్ధిబురదను ప్రమాదకర వ్యర్థముగా నెంచుచున్నవి. కావున జిప్సమను పేరు విని మోసపోరాదు.

మంచి జిప్సము వలన లాభము నిజమైనదే. స్వచ్ఛమైన జిప్సమున నూటికి 23 పాళ్లు కాల్షియమును, 18 పాళ్లు గంధకమును ఉండును. వేరుసెనగ పూతకు వచ్చినపుడు ఎకరమునకు 200 కిలోలు మొదళ్ల దగ్గర చల్లి మన్ను ఎగద్రోసినచో కాయలు బాగుగా నిండును. కారుచౌడు నేలలో కాల్షియము సోడియమును తొలగించును. కాని ఆ సోడియము నీటితో కొట్టుకొనిపోవుటకు మురుగుకాలువ యుండవలయును. ఉప్పు తెల్లగా పేరుకొను పాలచౌడునకు జిప్సముతో పనిలేదు. మంచినీరు కట్టి ఉప్పును కడిగివేయుటయే దానికి మందు. సాగరు కుడికాలువ క్రింద చౌడుబారిన చెలకలుగల వారు ముందుగా మట్టిపరీక్ష చేయించి, తమ నేల యే చౌడో తెలిసికొనవలయును.

మాచెర్ల, దాచేపల్లి ప్రాంతముల సిమెంటు కర్మాగారములకును జిప్సము కావలయును. నూటికి 3 మొదలు 5 పాళ్లు కలిపి నూరనిచో సిమెంటు నీరు తగిలిన వెంటనే బిగిసికొనును. అచ్చటి కొనుగోలుదారులు సరకును పరీక్షింపక లారీని దింపుకొనరు. ఏటేట పంట పండవలసిన నేల విషయమున రైతు అంతకంటె తక్కువ జాగ్రత్త వహింపనేల?

కావున సంఘములవారు ఉమ్మడిగా కొనవలయునని మా విన్నపము. సరకు ఏ కర్మాగారమున, ఏ పనిలో మిగిలినదో వ్రాతపూర్వకముగా అడుగుడు. లోహములు, తేమ యెంతెంతయో తెలుపు పరీక్షాపత్రమును చూడుడు. తడిసిన జిప్సమును తూచి కొన్నచో నీటికి వెలయిచ్చి, బాడుగ కూడ పెట్టుకొన్నట్లగును. ఒక్క రైతు అడిగినచో వర్తకుడు బదులీయకపోవచ్చును. నూర్గురు సభ్యుల పక్షమున సంఘము అడిగినచో పత్రము చూపక తప్పదు. పత్రము చూపనివాని సరకు ఉచితముగా నిచ్చినను పొలము గట్టు దాటనీయకుడు.