గూగుల్ వాడి తీగ మన గుమ్మం దాకా వస్తుందా?

విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెట్టి డేటా సెంటర్ కడతామని గూగుల్ 2025 అక్టోబర్ 14న ప్రకటించింది. ఆ వారం ఇండియాకి ఫోన్ చేసినప్పుడల్లా ఇదే కబురు. "సముద్రంలోంచి కేబుల్ తెస్తున్నారటరా, ఇంక మనింటికి గూగుల్ వాడి నెట్టేనా? ఊరికే ఇస్తాడా?" అని మా చిన్నాన్న అడిగారు. ఇక్కడ స్టుట్‌గార్ట్‌లో నాతోపాటు సాఫ్ట్‌వేర్ చేస్తున్న మిత్రులు కూడా ఒకరిద్దరు ఇదే మాట అన్నారు.

తీసిపారెయ్యాల్సిన ప్రశ్న కాదిది. గూగుల్ ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే వ్యాపారంలోకి ఒకసారి కాదు, చాలాసార్లు దిగింది. దిగిన చోట్ల ఏం జరిగిందో చూస్తే విశాఖ సంగతి కొంత తేటపడుతుంది.

వెతికిపెట్టే కంపెనీకి తీగలతో పనేమిటని అనుమానం రావచ్చు. గూగుల్ రాబడిలో సింహభాగం ప్రకటనలదే. జనం ఎంత ఎక్కువసేపు నెట్ మీద ఉంటే అంత గిరాకీ. కానీ గూగుల్‌కీ జనానికీ మధ్య టెలిఫోన్ కంపెనీ కూర్చుని ఉంటుంది. ఆ కంపెనీకి పాత రాగి తీగ మీదే లాభం వస్తుంటే కొత్తది వెయ్యాలన్న తొందర ఉండదు. దాన్ని నిద్ర లేపడానికి పక్కనే ఒక కొట్టు తెరవడం ఒక ఉపాయం.

అమెరికాలో చేసింది అదే. సెకనుకి ఒక గిగాబిట్ వేగమిచ్చే ఫైబర్ వేస్తామని 2010 ఫిబ్రవరిలో ప్రకటిస్తే 1,100 ఊళ్ళు మాకంటే మాకని ఎగబడ్డాయి. కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకా అయితే ఆ మార్చి నెలకి తన పేరే 'గూగుల్' అని మార్చుకుంది! (పాపం, దక్కింది మాత్రం కాన్సాస్ సిటీకి.) 2012లో నెలకి 70 డాలర్లకి గిగాబిట్ మొదలైంది. 2013 ఏప్రిల్‌లో ఆస్టిన్‌కి కూడా వస్తున్నామని గూగుల్ చెప్పిన రోజునే, మేమూ అక్కడ గిగాబిట్ ఇస్తామని ఏటీ అండ్ టీ ప్రకటించింది. ఉపాయం పారినట్టే.

చిక్కంతా పలుగూ పారా దగ్గర వచ్చింది. ఫైబర్ వెయ్యడంలో గాజు తీగ ఖర్చు తక్కువ, రోడ్డు తవ్వే ఖర్చు ఎక్కువ. మన చిప్పుల్లాగా రెండేళ్ళకోసారి చవకబడటానికి అది సిలికాన్ కాదు, మట్టి. 2016 అక్టోబర్‌లో కొత్త ఊళ్ళకి వెళ్ళడం ఆపేశారు. లూయీవిల్ నగరంలో ఖర్చు తగ్గించాలని రెండే అంగుళాల లోతు గాడి కోసి కేబుల్ పెట్టి పైన పూత పూశారు. ఆ పూత లేచిపోయింది, కేబుళ్ళు రోడ్డు మీద తేలాయి. 2019 ఏప్రిల్‌లో సర్వీసు మూసేసి, రోడ్ల మరమ్మతుకి నగరానికి 38 లక్షల డాలర్లు కట్టి వెళ్ళిపోయారు. తర్వాత 2022లో వేరే రాష్ట్రాల్లో విస్తరణ మళ్ళీ మొదలుపెట్టారనుకోండి. లూయీవిల్ వాళ్ళు మాత్రం కొత్త కనెక్షన్ వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మన బెజవాడకి వద్దాం. 2016 జనవరిలో ముంబై సెంట్రల్ స్టేషన్‌లో రైల్‌టెల్‌తో కలిసి గూగుల్ ఉచిత వైఫై మొదలుపెట్టింది. ఏప్రిల్‌కల్లా విజయవాడ, కాచిగూడ, విశాఖపట్నం స్టేషన్లకి వచ్చింది, 2018 జూన్‌కి 400 స్టేషన్లు పూర్తయ్యాయి. ఈలోగా 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. డేటా చింతపండు కంటే చవకైపోయాక వైఫై కోసం ప్లాట్‌ఫారం మీద ఎవరు నిలబడతారు? 2020 ఫిబ్రవరిలో గూగుల్ ఈ పథకం ముగిస్తున్నామని చెప్పేసింది.

అయినా విజయవాడ స్టేషన్‌కి లూయీవిల్ గతి పట్టలేదు. కారణం ఒక్కటే. పట్టాల వెంబడి ఉన్న ఫైబర్ రైల్‌టెల్‌ది, అంటే మన రైల్వేది. గూగుల్ తెచ్చింది వైఫై పరికరాలు, దాన్ని నడిపే నేర్పు. ఆ కంపెనీ వెళ్ళాక కూడా రైల్‌టెల్ తన సొంత పేరుతో వేల స్టేషన్లలో వైఫై నడిపింది. ఒక కంపెనీ ఇంటర్నెట్ ఇస్తానంటూ వచ్చినప్పుడు నేను మొదట వేగం చూడను, రేటూ చూడను. రేపు వీడు వెళ్ళిపోతే తీగ ఎవరి దగ్గర ఉంటుంది అన్నదే చూస్తాను.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో కథ కూడా నడిచింది. 2017 డిసెంబర్‌లో గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కి చెందిన 'ఎక్స్' విభాగం రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థతో కలిసి 2,000 కాంతి లింకులు పెడతామని ప్రకటించింది. టవర్ మీద ఒక పెట్టె, 20 కిలోమీటర్ల దూరంలో ఇంకో టవర్ మీద ఇంకో పెట్టె, మధ్యలో కంటికి కనపడని కాంతి కిరణం, సెకనుకి 20 గిగాబిట్ల దాకా డేటా. తవ్వక్కర్లేదు, స్పెక్ట్రమ్ లైసెన్సు అక్కర్లేదు. పొగమంచు పడితే మాత్రం ఇబ్బందే. బెలూన్లతో ఇంటర్నెట్ ఇచ్చే 'లూన్' ప్రాజెక్టు కోసం పుట్టిన టెక్నాలజీ ఇది. లూన్‌ని 2021లో మూసేశారు. ఈ కాంతి లింకులు మాత్రం 'తారా' పేరుతో కాంగో నది దాటి, 2025 మార్చిలో ఆల్ఫాబెట్ నుంచి విడిగా కంపెనీ అయ్యాయి. ఇక మన ఫైబర్‌నెట్ నమ్ముకున్నది కరెంటు స్తంభాల మీదుగా లాగిన మామూలు కేబుల్‌ని. చూడ్డానికి అంత సొంపుగా ఉండదు గానీ, తెగితే ఊళ్ళో లైన్‌మన్ అతకగలడు.

గూగుల్ జర్మనీలో ఈ ప్రయత్నం ఎందుకు చెయ్యలేదని మిత్రులు అడుగుతుంటారు. అవసరం లేక కాదు. నేను 2014లో మాస్టర్స్‌కి వచ్చిన కొత్తలో ఇంటికి కనెక్షన్ పెట్టే మనిషి కోసం అయిదు వారాలు కాపలా కాశాను. ఏ కంపెనీ అన్నది ఇప్పుడెందుకు లెండి. ఇక ఉచిత వైఫై అంటారా, ఎవరైనా మీ వైఫై మీద సినిమా దొంగతనంగా దించుకుంటే నోటీసు మీకొచ్చే చట్టం 2017 దాకా ఉంది. దానికి తోడు 2010లో హాంబర్గ్ డేటా రక్షణ అధికారులు గట్టిగా అడిగితే ఒక సంగతి బయటపడింది. స్ట్రీట్ వ్యూ కార్లు వీధుల ఫొటోలతోపాటు ఇళ్ళలోని తాళం లేని వైఫైల్లో పోతున్న సమాచారాన్ని కూడా పోగుచేశాయి. 2013లో లక్షా 45 వేల యూరోల జరిమానా పడింది. ఆ కంపెనీ స్థాయికి అది చిల్లరే. ఈలోగా రెండు లక్షల నలభై వేలకి పైగా ఇళ్ళవాళ్ళు మా ఇల్లు మసకగా చూపించమని అర్జీలు పెట్టుకున్నారు. అలాంటి దేశంలో ఇంటింటికీ గూగుల్ తీగ అంటే తలుపు తీసేవాళ్ళు తక్కువే అని నా ఊహ. ఇక్కడ కొలోన్‌లో నెట్‌కొలోన్, మ్యూనిక్‌లో ఎం-నెట్ లాంటివి నగరపాలక సంస్థల అండతో నడుస్తున్నాయి. నిదానమే, కానీ ఊరు వదిలిపోయే రకం కాదు.

అందుకే కాబోలు, గూగుల్ ఇప్పుడు గుమ్మం వైపు కంటే సముద్రం వైపు ఎక్కువగా చూస్తోంది. 2020లో జియోలో 33,737 కోట్ల రూపాయలు పెట్టింది, 2022లో ఎయిర్‌టెల్‌లో వాటా తీసుకుంటున్నట్టు ప్రకటించింది. ఇంటిదాకా తీగ లాగే పని వాళ్ళది. ఖండాల మధ్య కేబుల్, డేటా సెంటర్ తనవి. విశాఖ తర్వాత నెల తిరక్కుండానే జర్మనీలో 550 కోట్ల యూరోలు పెడతామని, ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన డీట్సెన్‌బాఖ్‌లో డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. దాని పక్క వీధివాళ్ళు కూడా ఇంటి కనెక్షన్‌కి మామూలు కంపెనీనే అడగాలి.

విశాఖలోనూ అంతే. అలాగని లాభం లేదనను. ఇండియాకి వచ్చే సముద్రపు కేబుళ్ళలో ఎక్కువ భాగం ముంబై, చెన్నైల్లోనే ఒడ్డుకి చేరతాయి. 2025 సెప్టెంబర్‌లో జెడ్డా దగ్గర ఎర్రసముద్రంలో కేబుళ్ళు తెగినప్పుడు ఇండియాలో నెట్ నెమ్మదించింది. తూర్పు తీరంలో మరో రేవు ఉంటే మంచిదే. కానీ కేబుల్ ఒడ్డుకి చేరే స్టేషన్‌కి వాకిలి ఉంటుంది, ఆ వాకిలికి రుసుము ఉంటుంది. చెన్నై, ముంబైలలో ఈ రుసుములు మరీ ఎక్కువని 2012లో ట్రాయ్ పరిమితి పెడితే, స్టేషన్ల యజమానులు ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్లాడారు. విశాఖలో ఆ స్టేషన్ కట్టేది గూగుల్ భాగస్వామి ఎయిర్‌టెల్. భూమి, కరెంటు, నీళ్ళు ఇస్తున్నది రాష్ట్రం. ఫైబర్‌నెట్‌కీ, అనకాపల్లిలోనో నర్సీపట్నంలోనో వెయ్యి కనెక్షన్లు నడుపుకునే కేబుల్ ఆపరేటర్‌కీ ఆ వాకిలి ఎంత రేటుకి తెరుస్తారన్నది ఒప్పందంలోనే రాయించుకోవాలి. కేబుల్ ఒడ్డుకి చేరాక అడిగితే ట్రాయ్ చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగాల్సిందే.