తెలుగులో అడిగే ఓటు, తెలుగుకు పడని ఓటు

ఎన్నికలు వచ్చినప్పుడల్లా చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో పల్లెపల్లెనా ఓటు అడిగే నుడి తెలుగే. కన్నడంలో అచ్చయిన కరపత్రాన్ని చేతికిచ్చి, అందులోని సంగతిని తెలుగులో చెప్పి దండం పెట్టే అభ్యర్థులను నేను ఏళ్ల తరబడి చూస్తున్నాను. లెక్కింపు ముగిసిన మరునాటి నుంచి ఆ తెలుగు ఏ కార్యాలయంలోనూ వినిపించదు. ఎందుకిలా జరుగుతోంది?

ఇక్కడివారు ఓటు వేయకపోవడం వల్ల మాత్రం కాదు. 2023 శాసనసభ ఎన్నికల్లో కర్ణాటక మొత్తం మీద సుమారు 73 శాతం పోలింగు జరిగితే, చిక్కబళ్ళాపురం జిల్లాలో అది 85 శాతం దాటింది. పక్కనే ఉన్న బెంగళూరు నగరంలో సగానికి కాస్త మించింది, అంతే. నగరంలో పక్కింటివారి పేరైనా తెలియదు. పల్లెలో ఎవరు ఓటు వేశారో, ఎవరు వేయలేదో పొద్దుగూకేసరికి వాడంతటికీ తెలుస్తుంది. పింఛను, ఇంటి స్థలం, బోరుబావి అన్నీ ఊరి నాయకుడి మాట మీద ఆధారపడి ఉన్నప్పుడు ఓటు వేయడం హక్కు మాత్రమే కాదు, అవసరం కూడా.

మరి ఆ ఓటు ఎటు పడుతోంది? వాడను బట్టి, కులాన్ని బట్టి, నాయకుడి వర్గాన్ని బట్టి పడుతోంది. నుడిని బట్టి కాదు. వెనుకబడిన వర్గాల జాబితాలో రెడ్లూ ఒక్కలిగులూ ఒకే 3ఎ వర్గంలో ఉన్నారు. ప్రభుత్వం కులాన్ని లెక్కించి పంచుతుంది కనుక జనం కులంగానే కూడుతారు. చింతామణిలో 2004, 2008లలో డాక్టర్ ఎం.సి. సుధాకర్, 2013, 2018లలో జె.కె. కృష్ణారెడ్డి, 2023లో మళ్లీ సుధాకర్ గెలిచారు. అక్కడి పోరు రెండు వర్గాలది. అందులో తెలుగు ప్రస్తావనకు చోటే లేదు.

బాగేపల్లి కథ ఇంకా ఆలోచించదగినది. 1983 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగువారి ఆత్మగౌరవం పేరిట తెలుగుదేశం గెలిచింది. సరిహద్దుకు అవతల ఉన్న హిందూపురం ఆనాటి నుంచి ప్రతి సాధారణ ఎన్నికలోనూ ఆ పార్టీనే గెలిపిస్తోంది. అదే నెలలో, అదే నుడి మాట్లాడే బాగేపల్లి మార్క్సిస్టు పార్టీ అభ్యర్థి ఎ.వి. అప్పస్వామిరెడ్డిని ఎన్నుకుంది. 1994లో, 2004లో అదే పార్టీ నుంచి జి.వి. శ్రీరామరెడ్డి గెలిచారు. భూమి, కూలి అనే మాటలు అక్కడి పేదలను కదిలించాయి. తెలుగునాట ఇంటింటా తెలిసిన నటుడు సాయికుమార్ 2008లో, 2018లో భారతీయ జనతా పార్టీ తరపున అక్కడే నిలబడి ఓడిపోయారు. దీన్నిబట్టి నాకు తోచేది ఇది: ఒకే నుడి మాట్లాడేవారు ఎందరున్నా, ఆ నుడిని ఒక కోరికగా మలిచి జనం ముందు పెట్టనంత కాలం అది ఓటుగా మారదు.

అలాగని తెలుగువారు వేరే పార్టీ పెట్టుకోవాలని నేననడం లేదు. బెళగావిలో మరాఠీలు మహారాష్ట్ర ఏకీకరణ సమితి పేరుతో చాలాకాలం శాసనసభ్యులను గెలిపించుకున్నారు. 2018లోనూ 2023లోనూ ఆ సమితికి ఒక్క స్థానమూ దక్కలేదు. పైగా వారి కోరిక సరిహద్దు మార్పు. మన కోరిక అది కాదు. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పిన నేల ఇది. కన్నడంతో మనకు తగవు లేదు.

మనం అడగవలసినవి రాజ్యాంగంలోనే ఉన్నాయి. 1956లో చేర్చిన 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లినుడిలో చదువుకు తగిన వసతులు కల్పించాలంటోంది. జిల్లాలోగాని తాలూకాలోగాని 15 శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్య ప్రకటనలు వెలువరించాలన్నది భాషా అల్పసంఖ్యాకుల కోసం దేశమంతా ఒప్పుకున్న రక్షణలలో ఒకటి. అయితే వీటిలో బడి కోరికే ముందు రావాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు బడిలో ఆ అక్షరాలను నేర్చుకోకపోతే, రేపు ఓటర్ల జాబితాను తెలుగులో అచ్చువేసినా చదివేదెవరు?

కనుక రెండు పనులు చేద్దాం. ఓటు అడగడానికి వచ్చిన ప్రతి పార్టీ అభ్యర్థినీ, మన ఊరి బడిలో తెలుగును ఒక పాఠ్యాంశంగా ఎప్పుడు పెట్టిస్తారని అడుగుదాం. ఆ మాటను రాతపూర్వకంగా తీసుకుందాం. 2027 మార్చి 1 ప్రాతిపదికగా తలపెట్టిన జనగణనలో తల్లినుడి గడి దగ్గర తడబడకుండా తెలుగు అని రాయిద్దాం. పైన చెప్పిన 15 శాతం లెక్క తేలేది ఆ గడిలోనే. నూటికి 85 మంది వరసలో నిలబడి ఓటు వేయగలిగిన జిల్లాకు ఈ ఒక్క మాట రాయించడం బరువు కాదు.