పాత ఫోను ఎవరికి పోతోంది?

మొన్న తుంగతుర్తి వెళ్ళినప్పుడు నాయిన ఫోను తీసుకుని ఊరికే సెట్టింగ్స్ చూశాను. చివరి సెక్యూరిటీ ప్యాచ్ 2022 నాటిది. గుండె గుభేలుమంది. ఎందుకంటే ఆ ఫోను ఒకప్పుడు నాదే. నేను కొత్తది కొనుక్కుని, అది నాయిన చేతిలో పెట్టి ఏదో గొప్ప పని చేసినట్టు ఫీలయ్యాను.

మనలో చాలామందిది ఇదే లెక్క అనుకుంటా. ఆఫీసులో సర్వర్‌కి ప్యాచ్ వారం లేటయితే మెయిళ్ళ మీద మెయిళ్ళు కొడతాం. ఊరికి మాత్రం గడువు తీరిన ఫోను పంపిస్తాం. వడ్ల డబ్బులు పడే ఖాతా దానికే లింకు, ఓటీపీలు దానికే వస్తాయి. పీఎం కిసాన్ పేరుతోనో, చలాన్ పేరుతోనో దొంగ ఏపీకే ఫైళ్ళు వాట్సాప్‌లో వచ్చేదీ దానికే. కొత్త ఫోనైతే ఇవి రావని కాదు. కానీ తెలిసిన కన్నాలైనా పూడ్చి ఉంటాయి కదా!

అందుకే ఫోను ఎప్పుడు మార్చాలన్నదానికి నా లెక్క మార్చుకున్నాను. కెమెరా కోసం మార్చక్కర్లేదు. బ్యాటరీ దిగిపోతే బ్యాటరీ మారిస్తే చాలు. ఐఫోన్ 14 దాకా బ్యాటరీలు 500 ఫుల్ ఛార్జింగుల తర్వాత 80 శాతం నిలుపుకునేలా చేశామని ఆపిలే చెప్తుంది. అంటే అరిగేది బ్యాటరీ, ఫోను కాదు. అప్‌డేట్లు ఆగిపోతే మాత్రం మార్చాల్సిందే. ఆండ్రాయిడ్ 12కి గూగుల్ 2025 మార్చితో ప్యాచులు ఆపేసింది.

కొనేటప్పుడే ఎన్నేళ్ళు అప్‌డేట్లిస్తారో చూడాలి. 2023లో పిక్సెల్ 8కి, 2024లో గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ళు ఇస్తామన్నారు. ఏడేళ్ళ ఫోను నాలుగేళ్ళు వాడి ఇంట్లో ఇస్తే ఇంకా మూడేళ్ళ ఆయుష్షుంటుంది. మూడేళ్ళదే కొని, మూడేళ్ళూ వాడేసి ఇస్తే మనం ఇచ్చింది ఫోను కాదు, రిస్కు.

ఈసారి కొత్త ఫోను నాయినకి కొన్నాను. నా నాలుగేళ్ళ ఫోనుకి అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయి, బ్యాటరీ ఒక్కటి మార్పించుకున్నాను.

"నాకెందుకురా కొత్తది? మాట్లాడొస్తే సాలదా?" అన్నాడు.

"మాటల కోసం కాదు నాయినా, పైసలు అండ్లనే ఉన్నయ్" అన్నాను.

ఈసారి ఊరెళ్తే మీరూ ఒకసారి ఆ సెట్టింగ్స్ తెరిచి చూడండి. ఆ తేదీ చూశాకే మీ కొత్త ఫోను సంగతి ఆలోచించండి.