గడప చూసి బేరమాడు

పాత వస్తువు కొనేటప్పుడు మన పెద్దలకు కొన్ని లెక్కలుండేవి. ఎద్దును కొనబోయేవాడు ముందు పళ్లు చూసేవాడు, తరువాత నడక చూసేవాడు, ఆ తరువాత సుడులు చూసేవాడు. పాత ఇల్లు కొనేవాడు గోడల మీది సున్నం చూసి మురిసిపోక, దూలానికి చెద పట్టిందేమోనని పుల్లతో గుచ్చి చూసేవాడు. కొమ్ములకు కట్టిన కుచ్చులు చూసి ఎద్దును కొన్నవాడు తొలకరినాడు పొలంలో కూర్చొని ఏడ్చేవాడు. ఆ లెక్కలు పాతబడిపోయాయని మనం అనుకుంటాం గాని, వస్తువు మారిందే తప్ప లెక్క మారలేదు. ఈ వారం నేను చెప్పబోయేది పాత స్పోర్ట్సు కారు కొనడమెలాగన్న సంగతి.

తెలుగు పద్యాలు చెప్పుకొని బ్రతికే పంతులుకు స్పోర్ట్సు కారుతో పనేమిటని మీరు నవ్వవచ్చు. నాకున్న వాహనం ఒక స్కూటరు. దాని వేగం గురించి ఇంతవరకూ ఏ పోలీసూ ఫిర్యాదు చేయలేదు. కాని మా అక్కయ్య కొడుకు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. చదువు కోసం చేసిన అప్పు తీరిన నెలలోనే "మామయ్యా, ఇక నేను మియాటాను తెచ్చుకుంటాను" అని వ్రాశాడు. అది ఎవరో అమ్మాయి పేరు గాబోలుననుకొని మా అక్కయ్య సగం సంతోషించింది, సగం కంగారుపడింది. కారు పేరని తెలిశాక ఆ సంతోషం పోయి కంగారొక్కటే మిగిలింది. "పైకప్పు లేని కారట! ముప్పయ్యేళ్లనాటిదట! వద్దని చెప్పరా, నీ మాట వింటాడు" అన్నది.

వద్దంటే మానే వయస్సు కాదు వాడిది. వద్దన్నవాడి మాట వినడు గాని, ఎలా చూడాలో చెప్పినవాడి మాట వింటాడు. అందుకని ఆ కారును గురించి దొరికినంత చదివి, చదివినదంతా పట్టుకొనిపోయి మా వీధి చివర షెడ్డులో మేస్త్రీ దగ్గర కూర్చున్నాను. ఆయన మియాటాను కంటితో చూసినవాడు కాదు. కాని పాత కార్ల పొట్టలు విప్పడంలో తల నెరసినవాడు. అంతా విని ఆయన అన్న మాట ఒక్కటే: "ఇంజను పోతే ఇంకోటి పెట్టుకోవచ్చు సార్. బాడీ పోతే కారే పోయినట్టు." ఈ వ్యాసానికంతటికీ అదే సూత్రం. తక్కినదంతా వ్యాఖ్యానం.

ముందు ఆ కారు పుట్టుపూర్వోత్తరాలు నాలుగు మాటల్లో చెబుతాను. ఒకప్పుడు ఇంగ్లండువారు రెండు సీట్ల చిన్న కార్లు ముచ్చటగా చేసేవారు. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ వాటిలో పేరుపడ్డది. నడపడానికి మహా సరదా, పోషించడానికి మహా యాతన. ఆ సరదాను ఉంచి యాతనను తగ్గించాలని జపానులోని మాజ్దా కంపెనీ పూనుకొని, 1989 ఫిబ్రవరిలో చికాగో ప్రదర్శనలో తన కారును లోకానికి చూపింది. దాని పేరు ఎం.ఎక్స్.-5. అమెరికాలో మాత్రం మియాటా అంటారు. 1600 సి.సి. ఇంజను, వెనుక చక్రాలకు లాగుడు, వెయ్యి కిలోలకు లోపు బరువు, మీట నొక్కగానే కప్పకళ్లలాగా పైకి లేచే దీపాలు. 1994 మోడలు నుండి 1800 సి.సి. ఇంజను పెట్టారు. ఆ మొదటి తరం 1997తో ముగిసింది. తరువాతి తరాలతో కలిపి 2016 ఏప్రిల్ నాటికి పది లక్షల కార్లు తయారైనాయి. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, ఇది దొరకని వస్తువు కాదు. ఒకటి నచ్చకపోతే ఇంకొకటి ఉంటుంది. ఈ సంగతి కొనేవాడు మరచిపోవాలనే అమ్మేవాడి కోరిక.

ఇక అసలు విషయం. ఇంటికి గడప ఉన్నట్లే కారుకూ గడప ఉన్నది. తలుపు తెరిచి లోపల కాలు పెట్టేటప్పుడు మనం దాటేదే అది. ముందు చక్రం దగ్గర నుండి వెనుక చక్రం దాకా పొడుగునా సాగే బోలు ఇనుప పెట్టె. పైకప్పు ఉన్న కారులో భారాన్ని కప్పు కూడా పంచుకుంటుంది. కప్పు లేని కారులో ఆ భారంలో ఎక్కువ పాలు గడపలే మోయాలి. ప్రక్క నుండి ఇంకొక బండి వచ్చి గుద్దితే, మనిషికీ ఆ బండికీ మధ్య నిలబడేవాటిలో గడప ఒకటి. కనుక గడపకు తుప్పు పట్టడమంటే అందం పోవడం కాదు, ఆదరువు పోవడం.

మియాటాకు ఈ జబ్బు ఎలా వస్తుందో చూడండి. గుడ్డ టాపు మీద పడిన వాననీరు సీట్ల వెనుక ఇరుప్రక్కలా ఉన్న సన్నని గొట్టాల గుండా క్రిందికి దిగిపోవాలి. ఆకులూ దుమ్మూ చేరి ఆ గొట్టాలు పూడుకుపోతే నీరు లోపలికి మళ్లి గడపలో నిలుస్తుంది. తుప్పు లోపలి నుండి తింటూ వస్తుంది. ఒహాయో వంటి చలి రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది క్రింది నుండి తింటుంది. బయట రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. పైన పటారం లోన లొటారం అన్న సామెత ఇలాంటి కార్ల కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

అందుకని మా వాడికి ఇలా వ్రాశాను: "ఒరే అబ్బాయీ! బానెట్టు ఎత్తకముందే మోకాళ్ల మీద కూర్చో. వెనుక చక్రానికి కాస్త ముందు గడప చివరను బొటనవ్రేలితో గట్టిగా నొక్కు. పొంగులూ బుడిపెలూ ఉన్నా, మెత్తగా దిగినా లేచి రా. గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని గడప పొడుగునా నడిపించు. ఎక్కడ పట్టు వదిలితే అక్కడ ఇనుము లేదు, రంగు క్రింద పుట్టీ ఉన్నది. అడుగున క్రొత్తగా నల్ల పూత కనబడితే ఎందుకు పూయించారని అడుగు. సీట్ల వెనుక తివాచీ క్రింద చెయ్యి పెట్టి తడి చూడు. అమ్మేవాడు ఒప్పుకుంటే ఆ గొట్టాల్లో చెంబెడు నీళ్లు పోసి చూడు. అవి వెనుక చక్రాల ముందు కారిపోతే మంచిదే. తలుపు సందు పైనుండి క్రిందికి ఒకే వెడల్పున ఉన్నదా చూడు. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. దాని చుట్టూ ఇనుము పొరలు లేచినదేమో చూడు."

కారును వానలో చూడవద్దని కూడా వ్రాశాను. నీళ్లలో ఉన్న గేదెను బేరమాడరాదని మనవాళ్లు ఊరికే అనలేదు. తడిసిన రంగు మీద గీతలూ అతుకులూ కనబడవు. పొడిగా ఉన్నప్పుడు, పట్టపగలు చూడాలి.

గడప గట్టిదైతే అప్పుడు కాగితాలు. అక్కడ బండి హక్కు పత్రం మీద "సాల్వేజ్" అన్న ముద్ర ఉంటే, ఒకప్పుడు ఆ కారు బాగుచేయించడం దండుగని భీమా కంపెనీ తేల్చిందని అర్థం. అమెరికాలో అమ్మిన ఈ కార్ల తలుపులకూ బానెట్టుకూ మడ్‌గార్డులకూ బండి నంబరు వేసిన చిన్న చీటీలు అతికించారు. ఒక తలుపుకు మాత్రం చీటీ లేకపోతే ఆ తలుపును మార్చి ఉండాలి, లేదా మళ్లీ రంగు వేసి ఉండాలి. ఎందుకని అడిగే హక్కు మనకున్నది. స్టీరింగు చక్రం కంపెనీదేనా అన్నది కూడా చూడాలి. మొదటి నుండీ అక్కడి మియాటాల్లో డ్రైవరు గాలిసంచి ఆ చక్రంలోనే ఉన్నది. సోకు కోసం వేరే చక్రం బిగించినవాడు ప్రాణరక్షణను విప్పి పారేశాడన్నమాట.

చివరిది ఇంజను. చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయాలి. మనం వెళ్లేసరికే బానెట్టు వెచ్చగా ఉంటే, ఏదో దాచడానికి ముందే వేడిచేసి ఉంచారేమోనని అనుమానించాలి. మొదట్లో టిక్కుటిక్కుమని చప్పుడై, వేడెక్కాక తగ్గితే పెద్ద భయం లేదు, ఈ ఇంజనుకది అలవాటు. నీలిపొగ వస్తే ఆయిలు తగలబడుతున్నట్లు. 1990, 1991 తొలినాళ్ల కార్లలో మాత్రం ఒక చిక్కున్నది. వాటిలో క్రాంకు ముక్కు పొట్టిది. బిగింపు సడలితే దాని పుల్లీ ఊగి ఊగి క్రాంకునే పాడుచేస్తుంది. పుల్లీ ముఖాన నాలుగు గాళ్లుంటే పొట్టి ముక్కు, ఎనిమిది ఉంటే ఆ తరువాత వచ్చిన మంచి రకం. నాలుగుంటే ఇంజను తిరుగుతుండగా పుల్లీ అటూ ఇటూ ఊగుతున్నదా అని కనిపెట్టి చూడాలి. టైమింగు బెల్టు అరవైవేల మైళ్లకొకసారి మార్చాలి. మార్చినట్లు రసీదు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకొని ధర తగ్గించమనాలి.

ఇక్కడ ఒక విభజన చేసుకోవాలి. చిరిగిన గుడ్డ టాపు, పసుపెక్కిన ప్లాస్టికు కిటికీ, కారుతున్న క్లచ్చి సిలిండరు, గోధుమరంగుకు తిరిగిన రేడియేటరు తొట్టి, ఇవన్నీ బేరానికి పనికివచ్చే లోపాలు. డబ్బుతో తీరుతాయి. తుప్పుపట్టిన గడప, ఊగే పుల్లీ, కాగితం మీది ముద్ర, ఇవి లేచి రావలసిన లోపాలు. మొదటిరకం చూసి పారిపోయేవాడు మంచి కారును పోగొట్టుకుంటాడు. రెండోరకం చూసి కూడా "ధర తక్కువ కదా" అనేవాడు డబ్బుతో పాటు ఇంకా పెద్దదే పోగొట్టుకోవచ్చు.

మా వాడు రెండు కార్లు చూశాడు. మొదటిది ఎర్రనిది, అద్దంలా మెరుస్తున్నది, ధర కూడా తక్కువే. గడప దగ్గర అయస్కాంతం జారి క్రింద పడింది. రెండోది రంగు వెలిసినది, టాపుకు అతుకు. కాని అమ్మే పెద్దమనిషి ఒక అట్టపెట్టె నిండా రసీదులు తెచ్చి ముందు పెట్టాడట. దక్షిణాది రాష్ట్రాల్లో తిరిగిన కారు, గడప పొడిగా గట్టిగా ఉన్నది. వీడు అక్కడితో తృప్తిపడక, తన డబ్బిచ్చి, అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్కు చేత కారును లిఫ్టు మీదికెత్తించి చూపించుకొన్న తరువాతే కొన్నాడు. మా అక్కయ్య ఇప్పటికీ ఆ కారును మెచ్చుకోదు. కాని ఎవరైనా అడిగితే, "పాతదే గాని గడప గట్టిదటండీ" అంటున్నది.

చదువరుల్లో స్పోర్ట్సు కారు కొనేవారు ఎందరో నేనెరుగను. కొనేది సెకండుహాండు మారుతీ అయినా, మోటారు సైకిలయినా ఒకటే మాట. రంగు అమ్మేవాడు చూపిస్తాడు. అడుగు మనమే వంగి చూసుకోవాలి. చూడనివ్వనన్నవాడి దగ్గర ఎంత చవకైనా కొనకండి. జేబులోని డబ్బు జేబులోనే ఉంచుకొని ఇంటికి రావడం కూడా మంచి బేరమే.