'రజాకార్' సినిమాకు మన జవాబు ఏమిటి?

మనసును గాయపరిచే సినిమా వచ్చిన ప్రతిసారీ మన సమాజంలో రెండు రకాల స్పందన కనిపిస్తుంది. కొందరు నిషేధించాలంటూ వీధికెక్కుతారు. ఎక్కువమంది మనకెందుకులే అని తలుపులు వేసుకుంటారు. మొదటిది ఆ సినిమాకు పైసా ఖర్చు లేని ప్రచారం. రెండోది మన పిల్లల్ని జవాబు లేకుండా బడికి పంపడం.

'రజాకార్' చిత్రం విషయంలోనూ ఇదే జరిగింది. దర్శకుడు యాట సత్యనారాయణ. నిర్మాత గూడూరు నారాయణరెడ్డి బీజేపీ నాయకుడు. 2023 సెప్టెంబరులో టీజర్ రాగానే దుమారం లేచింది. సెన్సార్ బోర్డు, పోలీసుల దృష్టికి తీసుకువెళ్తామని అప్పటి మంత్రి కేటీఆర్ ప్రకటించారు. విడుదల ఆపాలని హైకోర్టులో పిటిషన్ కూడా పడింది. అయినా 2024 మార్చి 15న, లోక్‌సభ ఎన్నికల ముంగిట, సినిమా థియేటర్లకు వచ్చింది.

నల్లగొండ, పాలమూరు జిల్లాల ముస్లిం కుటుంబాలకు ఇది ఎక్కడో జరిగిన కథ కాదు. మన తాతల కాలం నాటిది, మన ఊళ్ల మధ్య జరిగింది. హాలు నుంచి బయటికొచ్చిన కుర్రాడు రేపు తరగతిలో పక్కన కూర్చున్న ముస్లిం పిల్లవాణ్ని ఏ కంటితో చూస్తాడు? ఆ పిల్లవాడు ఇంటికొచ్చి "దాదీ, అప్పుడు మనవాళ్లు ఏం చేశారు?" అని అడిగితే మనం ఏం చెబుతాం?

ముందు ఒక మాట నిస్సంకోచంగా చెప్పాలి. రజాకార్లు చేసింది దౌర్జన్యం. చిట్యాల దగ్గరి గుండ్రాంపల్లిలోనూ, బైరాన్‌పల్లిలోనూ అమాయక జనాన్ని చంపారు. దీనికి సాకులు వెతకరాదు. ఎవరు చేసినా జుల్మ్ జుల్మే. మనకు వ్యతిరేకంగానైనా సరే న్యాయం పక్షాన సాక్ష్యం చెప్పాలని ఖురాన్ బోధిస్తుంది. ఈ మాట చెప్పడానికి జంకినంత కాలం మన మిగతా మాటలు ఎవరూ చెవిన పెట్టరు.

అయితే లాతూరు వకీలు ఖాసిం రజ్వీ తెలంగాణ ముస్లింలందరికీ ప్రతినిధి ఎలా అవుతాడు? 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్లను ఎదిరించి రాశాడు. హైదరాబాద్ భారతదేశంలో కలవాలన్నాడు. 1948 ఆగస్టులో ఆయన్ను నడివీధిలో చంపేశారు. అంతకు ముందే, అప్పటి నల్లగొండ జిల్లాలోని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద రైతు తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ పెత్తనాన్ని ఎదిరించి కోర్టుకెక్కాడు. దొర మనుషులు ఆయన ప్రాణం తీశారు. దొర హిందువు, చనిపోయిన రైతు ముస్లిం. మరి దీన్ని మతాల పోరాటం అనగలమా? కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను 1952లో శాసనసభకు పంపింది కూడా నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ ప్రజలే.

ఆ పోరాటం మీదే మరో సినిమా వచ్చింది. కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన 'మాభూమి' 1980లో విడుదలైంది. అది కూడా ఆనాటి దౌర్జన్యాన్ని దాచలేదు. మతాల మధ్య చిచ్చూ పెట్టలేదు. ప్రజలు నెత్తిన పెట్టుకున్నారు.

మనం నోరు విప్పాల్సిన సంగతి మరొకటి ఉంది. 1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్ తర్వాత జరిగిన హింసపై పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు విచారణ జరిపారు. 27 వేల నుంచి 40 వేల మంది వరకు చనిపోయి ఉంటారని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయి. ఆ నివేదికను ఆనాటి ప్రభుత్వం బయటపెట్టలేదు. ప్రాణాలకు తెగించి ముస్లింలను కాపాడిన హిందువుల సంగతి కూడా అందులో ఉంది. ఒకరి నెత్తురును మరొకరి నెత్తురుతో తూచడానికి ఇది చెప్పడం లేదు. చరిత్ర పూర్తిగా తెలిస్తేనే పగ చల్లారుతుంది.

ఆవేశం ఎక్కడికి తీసుకుపోతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1977 మార్చిలో వాషింగ్టన్‌లో ఒక చిన్న ముస్లిం వర్గం సాయుధులు వందమందికి పైగా బందీలుగా పట్టుకున్నారు. ముస్తఫా అక్కాద్ తీసిన 'ది మెసేజ్' ప్రదర్శన ఆపాలన్నది వారి కోరికల్లో ఒకటి. అందులో ప్రవక్త (స) పాత్రను చూపారని పుకారు. నిజానికి ఆ చిత్రంలో ఆయన రూపం లేదు, స్వరమూ లేదు. ఆంథొనీ క్విన్ ధరించింది హజ్రత్ హంజా పాత్ర. చూడని సినిమా కోసం చేసిన ఆ రగడలో ఒక యువ విలేకరి ప్రాణం పోయింది.

ఓపికతో ఆధారాలు అడిగితే ఏం జరుగుతుందో కూడా చూశాం. 'ది కేరళ స్టోరీ' టీజర్‌లో 32 వేల మంది యువతులని చెప్పారు. లెక్క ఎక్కడిదని నిలదీస్తే మాట మారింది. 2023 మే 18న సుప్రీంకోర్టు ముందు, ఆ సంఖ్యకు ప్రామాణికమైన ఆధారం లేదని తెరపై రాయడానికి నిర్మాత ఒప్పుకోవలసి వచ్చింది. అదే రోజు ఆ కోర్టు పశ్చిమ బెంగాల్ విధించిన నిషేధాన్ని నిలిపివేసింది. నిషేధం కోర్టులో నిలవలేదు. ప్రశ్న నిలిచింది.

కాబట్టి అభ్యంతరకరమైన సన్నివేశం ఉంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చేద్దాం. బడిలో పిల్లల్ని ఎవరైనా ఎగతాళి చేస్తే హెడ్మాస్టరుతో మర్యాదగా మాట్లాడదాం. అన్నిటికన్నా ముందు ఇంట్లో మౌనం వీడుదాం. మన పెద్దల్లో చాలామంది పోలీస్ యాక్షన్ మాట వస్తే గొంతు తగ్గించేవారు. 1948లో పదేళ్ల వయసున్నవాళ్లు ఇప్పుడు ఎనభై అయిదు దాటారు. వారు చెప్పేది ఈ ఏడాదే రాసిపెట్టుకోవాలి. మనవాళ్లకు ఆశ్రయమిచ్చిన పొరుగింటి హిందువుల పేర్లూ, రజాకార్ల చేతిలో నష్టపోయిన కుటుంబాల గోడూ అందులో ఉండాలి.

మన ఇంటి చరిత్ర మనం చెప్పకపోతే, మన పిల్లలకు దాన్ని సినిమా హాలే చెబుతుంది.